విలియం బూత్

విలియం బూత్ (ఏప్రిల్ 10, 1829 - ఆగష్టు 20, 1912) ఇంగ్లండుకు చెందిన క్రైస్తవ సువార్తికుడు, రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే సంస్థ స్థాపకుడు, దాని మొదటి జనరల్. చర్చి గడప తొక్కని పేదలకు క్రైస్తవ విశ్వాసాన్ని వారు తిరిగే వీధులలోనే బోధించాలన్నది ఆయన జీవితాశయం. లండన్ నగరపు తూర్పు భాగంలో మద్యశాలల ముందు నిలబడి, దారిన పోయే అపరిచితులతో మాట్లాడటంతో మొదలైన ఆయన కృషి, ఆయన మరణించే నాటికి 58 దేశాలకు విస్తరించింది. వీధి సువార్తకు బాజా భజంత్రీలను, సైనిక దుస్తులను, ఊరేగింపులను జోడించినవాడిగా, ఆకలితో ఉన్నవానికి ముందు అన్నం పెట్టాలని పట్టుబట్టినవాడిగా బూత్ ప్రసిద్ధుడు. భార్య కేథరీన్ బూత్ ఈ ఉద్యమంలో ఆయనకు సమాన భాగస్వామి.

బాల్యం

విలియం బూత్ 1829, ఏప్రిల్ 10న ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరాన్ని ఆనుకొని ఉన్న స్నెయింటన్‌లో జన్మించాడు. తండ్రి శామ్యూల్ బూత్, తల్లి మేరీ మాస్. ఇళ్ళు కట్టించి అమ్మే వ్యాపారంలో తండ్రి కొంత ధనం సంపాదించినా, విలియం బాల్యంలోనే ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం పేదరికంలో పడిపోయింది. 1842లో బడి జీతం కట్టలేక, పదమూడేళ్ళ విలియంను ఒక తాకట్టు దుకాణంలో పని నేర్చుకోవడానికి కుదిర్చారు. కొంతకాలానికే తండ్రి మరణించాడు.

తాకట్టు దుకాణంలో గడిపిన సంవత్సరాలు బూత్ ఆలోచనలపై చెరగని ముద్ర వేశాయి. ఆదివారం కట్టుకునే మంచి బట్టలను సోమవారం కుదువపెట్టి, వారాంతంలో కూలి డబ్బులు రాగానే విడిపించుకోవడం ఆనాటి కార్మిక కుటుంబాలకు మామూలు విషయం. పెళ్ళి ఉంగరాలు, పనిముట్లు, దుప్పట్లు కూడా దుకాణానికి వచ్చేవి. బల్లకు ఇవతల నిలబడి ఈ కష్టాలను రోజూ చూసిన బూత్ ఆ వృత్తిని అసహ్యించుకున్నాడు. అయినా ఇల్లు గడవడానికి చాలాకాలం అదే పని చేయవలసి వచ్చింది. కార్మికుల ఓటు హక్కు కోసం నడుస్తున్న చార్టిస్టు ఉద్యమ నాయకుల ఉపన్యాసాలను కూడా ఆయన ఆ రోజులలోనే విన్నాడు.

నాటింగ్‌హాం వీధులలో

ఆంగ్లికన్ చర్చిలో బాప్తిస్మం పొందిన బూత్, కౌమారదశలో మెథడిస్టు సమాజం వైపు ఆకర్షితుడయ్యాడు. 1844లో, పదిహేనేళ్ళ వయసులో, బ్రాడ్ స్ట్రీట్‌లోని వెస్లియన్ ప్రార్థనా మందిరంలో మారుమనస్సు పొందాడు. 1846లో అమెరికా నుండి వచ్చిన జేమ్స్ కాఫీ అనే ఉజ్జీవ ప్రసంగీకుని సభలు ఆయనను బాగా కదిలించాయి. వినేవారిని సూటిగా అడిగి, అక్కడికక్కడే నిర్ణయం తీసుకొమ్మని కోరే పద్ధతిని బూత్ ఆయన వద్ద గమనించాడు.

విల్ శాన్సమ్ అనే మిత్రునితో కలిసి బూత్ నాటింగ్‌హాంలోని పేదవాడలలో వీధి ప్రసంగాలు మొదలుపెట్టాడు. దుకాణంలో పని ముగిసిన తరువాత, సాయంకాలం పూట ఏదో ఒక మలుపులో నిలబడి పాట పాడటం, గుమిగూడిన వారికి కొద్దిసేపు బోధించటం, ఆసక్తి చూపిన వారిని దగ్గరలోని ఒక ఇంటిలో ప్రార్థనకు పిలవటం వారి పద్ధతి. పాటలు విని పోగైనవారు ఎగతాళి చేయటం, రాళ్ళు విసరటం కూడా జరిగేది. కొన్నాళ్ళకు శాన్సమ్ క్షయవ్యాధితో మరణించగా, బూత్ ఆ పనిని కొనసాగించాడు.

ఈ కాలంలో జరిగిన ఒక సంఘటనను బూత్ జీవితచరిత్రకారులందరూ పేర్కొంటారు. ఒక ఆదివారం ఆయన చిరిగిన బట్టలతో ఉన్న వీధి కుర్రవాళ్ళను కొందరిని వెంటబెట్టుకొని మందిరంలోనికి నడిపించి, మంచి ఆసనాలలో కూర్చోబెట్టాడు. డబ్బు చెల్లించే కుటుంబాలకు ఆసనాలు కేటాయించటం అప్పటి ఆచారం. చర్చి పెద్దలు బూత్‌ను మందలించి, ఇకపై అటువంటివారిని వెనుక ద్వారం గుండా తీసుకొనివచ్చి, ఎవరికీ కనబడని చోట కూర్చోబెట్టమని ఆదేశించారు. వీధిలో సువార్త చెప్పటం ఒక ఎత్తు, విన్నవారికి చర్చిలో చోటు దొరకటం మరొక ఎత్తు అని బూత్‌కు తెలిసివచ్చింది. ఆయన తరువాతి జీవితమంతా ఈ రెండవ సమస్యకు సమాధానం వెతకటంలోనే గడిచింది.

లండన్ రాక, వివాహం

శిక్షణ ముగిసినా నాటింగ్‌హాంలో పని దొరకక, 1849లో బూత్ లండన్ చేరాడు. అక్కడా తాకట్టు దుకాణమే గతి అయింది. తీరిక సమయంలో కెన్నింగ్టన్ మైదానం వంటి బహిరంగ ప్రదేశాలలో ప్రసంగించేవాడు. ఎడ్వర్డ్ రాబిట్స్ అనే బూట్ల వ్యాపారి ఆయన ప్రసంగాలను మెచ్చి, కొంతకాలం జీతం ఇచ్చి ఆదుకోవటంతో 1852లో దుకాణం వదలి పూర్తికాలం బోధకుడయ్యాడు.

రాబిట్స్ ద్వారానే ఆయనకు కేథరీన్ మమ్‌ఫోర్డ్‌తో పరిచయం కలిగింది. చిన్ననాటి నుండి అనారోగ్యంతో బాధపడుతూ ఎక్కువగా ఇంటివద్దే చదువుకున్న ఆమె, వేదాంత విషయాలలో బూత్ కంటే విస్తారంగా చదివినది. స్త్రీలకు బోధించే హక్కు ఉన్నదని ఆమె గట్టిగా నమ్మేది. వారి వివాహం 1855లో లండన్‌లో జరిగింది. వీరికి ఎనిమిది మంది సంతానం. స్త్రీల బోధనను సమర్థిస్తూ కేథరీన్ 1859లో ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. 1860లో గేట్స్‌హెడ్ పట్టణంలోని మందిరంలో స్వయంగా ప్రసంగించటం ప్రారంభించింది.

బూత్ 1858లో మెథడిస్టు న్యూ కనెక్షన్ అనే శాఖలో సంఘ కాపరిగా అభిషిక్తుడయ్యాడు. ఒకే ఊరిలో స్థిరంగా ఉండే కాపరి పని ఆయనకు నచ్చలేదు. ఊరూరా తిరిగే సువార్తికునిగా తనను నియమించమని కోరగా, సంఘ మహాసభ అంగీకరించలేదు. దానితో 1861లో ఆ శాఖను వదలివేశాడు. అప్పటికి దంపతులకు నలుగురు పిల్లలు. స్థిరమైన ఆదాయం లేదు, నివాసం లేదు. తరువాతి నాలుగేళ్ళు కార్న్‌వాల్, వేల్స్, మధ్య ఇంగ్లండు ప్రాంతాలలో సభలు జరుపుతూ గడిపారు.

తూర్పు లండన్‌లో మలుపు

1865లో కేథరీన్‌కు లండన్‌లో ప్రసంగించటానికి ఆహ్వానం రావటంతో కుటుంబం అక్కడికి తరలివచ్చింది. నగరపు తూర్పు భాగమైన వైట్‌చాపెల్ పరిసరాలు ఆనాడు రేవులలో రోజుకూలీలకు, దర్జీ పనివారికి, వలస వచ్చిన ఐరిష్ పేదలకు నిలయం. తెల్లవారగానే రేవు వాకిలి దగ్గర నిలబడి పని దొరికితే తినటం, లేకుంటే పస్తు ఉండటం వేలాదిమంది జీవితం. వీధి వీధినా మద్యశాలలు ఉండేవి.

ఆ వేసవిలో మైల్ ఎండ్ రోడ్డు వైపు వెళుతున్న బూత్, బ్లైండ్ బెగ్గర్ అనే మద్యశాల బయట కొందరు సువార్తికులు జరుపుతున్న వీధి కూటం వద్ద ఆగాడు. మాట్లాడదలచినవారు మాట్లాడవచ్చునని వారు పిలువగా, ముందుకు వచ్చి ప్రసంగించాడు. ఆయన మాటతీరుకు ఆశ్చర్యపడిన నిర్వాహకులు, తాము వేసిన గుడారంలో కొన్ని వారాలు సభలు జరపమని కోరారు. క్వేకర్ల పాత శ్మశాన స్థలంలో వేసిన ఆ గుడారంలో 1865, జూలై 2న బూత్ మొదటి సభ జరిపాడు. రక్షణ సైన్యం తన చరిత్రను ఈ సంఘటన నుండే లెక్కించుకుంటుంది.

ఆ గుడారం ఎక్కువకాలం నిలవలేదు. పిమ్మట నృత్యశాల, గోదాము, పాత నాటకశాల, ఏది దొరికితే అది అద్దెకు తీసుకొని సభలు జరిపారు. మొదట్లో క్రొత్త సంఘాన్ని స్థాపించాలన్న ఆలోచన బూత్‌కు లేదు. వీధిలో విశ్వసించినవారిని దగ్గరలోని చర్చిలకు పంపాలని భావించాడు. అది మూడు కారణాల వల్ల సాగలేదు. పంపినా చాలామంది వెళ్ళలేదు. వెళ్ళినవారిని అక్కడివారు ఆదరించలేదు. పైగా మరికొందరిని చేరుకోవటానికి ఆ క్రొత్త విశ్వాసులే బూత్‌కు అవసరమయ్యారు. ఈ విధంగా ఈస్ట్ లండన్ క్రిస్టియన్ మిషన్, తరువాత క్రిస్టియన్ మిషన్ అనే పేర్లతో ఒక సంస్థ రూపుదిద్దుకొంది.

ఆ తొలి సంవత్సరాలలో బూత్ తరచు అర్థరాత్రి వేళ అలసిపోయి, ఒక్కోసారి రాళ్ళ దెబ్బలతో తలకు కట్టు కట్టుకొని ఇంటికి చేరేవాడు. ఒకసారి తన పెద్ద కొడుకు బ్రాంవెల్‌ను క్రిక్కిరిసిన మద్యశాలలోనికి తీసుకువెళ్ళి, ఇకపై ఈ జనమే మన జనమని చూపించాడట. ఈ విషయాన్ని బ్రాంవెల్ తరువాతి కాలంలో రాసుకున్నాడు.

వీధి సువార్త పద్ధతులు

బూత్ పద్ధతి పైకి ఆర్భాటంగా కనిపించినా, దాని వెనుక స్పష్టమైన ఆలోచన ఉంది. వీధిలో నడిచే మనిషి వినటానికి రాలేదు, అతనికి వేరే పని ఉంది. కనుక మొదట అతనిని ఆపాలి, ఆగినవానికి అర్థమయ్యే మాట చెప్పాలి, విన్నవానిని వదలకుండా వెంటబెట్టుకొని వెళ్ళాలి.

ఆపటానికి పాట, డప్పు, వాద్యబృందం ఉపయోగపడ్డాయి. 1878లో సాలిస్‌బరీ పట్టణంలో చార్లెస్ ఫ్రై అనే గృహనిర్మాణ వ్యాపారి, అతని ముగ్గురు కొడుకులు వీధి కూటాలకు అల్లరిమూకల నుండి రక్షణగా వచ్చి, వెంట తమ ఇత్తడి వాద్యాలను కూడా తెచ్చారు. వాటి ధ్వని జనాన్ని రప్పించటమే కాక, అల్లరివారి కేకలను కూడా కప్పివేసింది. అప్పటి నుండి వాద్యబృందం ఈ ఉద్యమానికి గుర్తుగా మారింది. జనం నోళ్ళలో నానుతున్న నాటకశాలల పాటల బాణీలకు భక్తి పదాలను కూర్చి పాడించటానికి బూత్ మొదట సంకోచించినా, వాటి ప్రభావం చూసి అంగీకరించాడు.

మాట్లాడే పనిని బూత్ ప్రసంగీకులకే వదలలేదు. నిన్నటి వరకు అదే వీధిలో త్రాగి పడి ఉన్నవాడు, ఈరోజు నిలబడి తన మార్పును గురించి రెండు ముక్కలు చెప్పేవాడు. వినేవారికి అతడు పరిచితుడు కావటం వల్ల ఆ సాక్ష్యానికి విలువ ఉండేది. ప్రసంగాలు క్లుప్తంగా, వీధి భాషలో ఉండాలని నియమం. కూటం ముగియగానే అందరూ పాడుతూ ఊరేగింపుగా సమావేశ మందిరానికి వెళ్ళేవారు. దారిలో ఆసక్తి కొద్దీ వెంటవచ్చిన అపరిచితులు వారితోపాటే లోపలికి చేరేవారు. అక్కడ ముందు వరుసలో ఒక బల్ల ఉండేది. పశ్చాత్తాపపడినవారు దాని వద్ద మోకరించేవారు. ఈ మందిరాలలో వెనుక ద్వారం నియమం లేదు.

స్త్రీలకు పురుషులతో సమానంగా బోధించే అధికారం, సంఘాలకు నాయకత్వం వహించే అధికారం ఇవ్వటం ఆ కాలానికి పెద్ద సాహసం. ఇరవై ఏళ్ళయినా నిండని యువతులు క్రొత్త పట్టణాలకు వెళ్ళి వీధులలో కూటాలు ప్రారంభించేవారు. 1879 డిసెంబరులో మొదలైన వార్ క్రై పత్రికను మద్యశాలల లోపలికి వెళ్ళి అమ్మేవారు.

రక్షణ సైన్యం

1878లో సంస్థ వార్షిక నివేదిక తయారవుతుండగా, క్రిస్టియన్ మిషన్ ఒక స్వచ్ఛంద సైన్యమని అందులో వ్రాయబడింది. ఆ రోజులలో వాలంటీర్ల దళం అంటే తీరిక వేళలలో కవాతు చేసే ఔత్సాహికులు. తాను అటువంటివాడిని కానని బ్రాంవెల్ అభ్యంతరం చెప్పగా, బూత్ ఆ పదాన్ని కొట్టివేసి దాని స్థానంలో రక్షణ అనే పదాన్ని వ్రాశాడు. సంస్థకు ఆ పేరే స్థిరపడింది. జనరల్ సూపరింటెండెంటుగా ఉన్న బూత్ క్లుప్తంగా జనరల్ అయ్యాడు. బోధకులు అధికారులుగా, సభ్యులు సైనికులుగా, స్థానిక సంఘాలు దళాలుగా వ్యవహరింపబడ్డాయి. ఏకరూప దుస్తులు, జెండా ఏర్పడ్డాయి.

ఈ ఏర్పాటులో అధికారమంతా జనరల్ చేతిలో ఉండేది. 1883 నుండి బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలను కూడా ఆచరించకుండా నిలిపివేశారు. ఈ రెండు విషయాలపై ఇతర సంఘాల నుండి విమర్శలు వచ్చాయి. పేదల పక్షాన అనేక చట్టాలు తెచ్చిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు సైతం బూత్ పద్ధతులను వ్యతిరేకించాడు. మరొకవైపు, 1882లో ఆంగ్లికన్ చర్చిలో విల్సన్ కార్లైల్ స్థాపించిన చర్చ్ ఆర్మీ ఇదే తరహా వీధి పద్ధతులను అనుసరించింది.

1880లో జార్జి స్కాట్ రైల్టన్ నాయకత్వంలో ఏడుగురు స్త్రీలు న్యూయార్కు నగరంలో దిగి పని ప్రారంభించారు. కొన్నేళ్ళలోనే ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, భారతదేశం, కెనడా మొదలైన దేశాలకు ఉద్యమం వ్యాపించింది.

దాడులు, న్యాయస్థానాలు

త్రాగుడును తీవ్రంగా ఖండించే ఈ ఊరేగింపులు మద్యం వ్యాపారులకు కంటగింపు అయ్యాయి. దక్షిణ ఇంగ్లండులోని అనేక పట్టణాలలో స్కెలిటన్ ఆర్మీ (అస్థిపంజర సైన్యం) అనే పేరుతో అల్లరిమూకలు ఏర్పడ్డాయి. మద్యశాలల యజమానులు వీటికి కొన్నిచోట్ల అండగా నిలిచారు. పుర్రె, ఎముకల బొమ్మలున్న జెండాలతో ఊరేగింపులకు అడ్డుపడి రాళ్ళు, బురద, కుళ్ళిన కూరగాయలు విసిరేవారు. రక్షణ సైన్యం లెక్కల ప్రకారం 1882 ఒక్క సంవత్సరంలోనే 669 మంది దాడులకు గురయ్యారు. వారిలో 251 మంది స్త్రీలు. 1884లో వర్తింగ్ పట్టణంలో అల్లర్లు అదుపు తప్పటంతో సైనికులను రప్పించవలసి వచ్చింది.

చాలాచోట్ల స్థానిక అధికారులు దాడి చేసినవారిని విడిచిపెట్టి, శాంతిభంగానికి కారకులంటూ దెబ్బలు తిన్నవారినే శిక్షించారు. ఈ విషయం 1882లో బీటీ వర్సెస్ గిల్‌బ్యాంక్స్ అనే వ్యాజ్యంగా ఉన్నత న్యాయస్థానానికి చేరింది. వెస్టన్ సూపర్ మేర్ పట్టణంలో నిషేధాన్ని లెక్కచేయక ఊరేగింపు జరిపినందుకు రక్షణ సైన్యానికి చెందిన బీటీ మొదలగువారిపై స్థానిక మేజిస్ట్రేట్లు చర్య తీసుకున్నారు. ఆ ఉత్తర్వును న్యాయస్థానం కొట్టివేసింది. చట్టబద్ధమైన పని చేస్తున్న వ్యక్తి, దానివల్ల ఇతరులు చట్టాన్ని అతిక్రమిస్తారని తెలిసినంత మాత్రాన నేరస్థుడు కాడని ఈ తీర్పు సారాంశం. బహిరంగ సభలు జరుపుకునే స్వేచ్ఛకు సంబంధించిన పాఠాలలో ఈ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతారు.

తీర్పు వచ్చినంత మాత్రాన గొడవ తీరలేదు. ఆదివారం వాద్యాలతో ఊరేగటాన్ని నిషేధించే నిబంధనలను టార్కీ, ఈస్ట్‌బోర్న్ పట్టణాలు ప్రత్యేక చట్టాలలో చేర్పించుకున్నాయి. వాటిని ఉల్లంఘించి అనేకమంది జైళ్ళకు వెళ్ళారు. ఈస్ట్‌బోర్న్ నిబంధనను పార్లమెంటు 1892లో రద్దు చేసింది. క్రమంగా పోలీసులే ఊరేగింపులకు రక్షణ కల్పించే పరిస్థితి వచ్చింది.

అన్నం, ఆశ్రయం, పని

వీధులలో రోజూ తిరగటం వల్ల బూత్‌కు మరొక సత్యం బోధపడింది. ఖాళీ కడుపుతో, తడిసిన బట్టలతో నిలబడినవానికి బోధ చెవికెక్కదు. 1870 ప్రాంతంలోనే చౌకగా భోజనం పెట్టే దుకాణాలను తెరిచినా, నష్టాల వల్ల అవి మూతపడ్డాయి. 1887లో ఒక రాత్రి ఆలస్యంగా ఇంటికి వస్తూ, లండన్ వంతెన వద్ద ఆరుబయట నిద్రిస్తున్న మనుషులను చూసి కలతచెందిన బూత్, మరునాడు ఉదయమే బ్రాంవెల్‌ను పిలిచి వారికోసం ఏదైనా చేయమని ఆదేశించాడు. ఫలితంగా 1888లో లైమ్‌హౌస్ ప్రాంతంలో చౌక భోజనశాల, రాత్రి బస ఏర్పడ్డాయి.

దీనికి ముందే, వ్యభిచార గృహాల నుండి తప్పించుకున్న బాలికల కోసం వైట్‌చాపెల్‌లో ఒక ఆశ్రమం నడుస్తుండేది. అక్కడికి వచ్చినవారి గాథలు విన్న బ్రాంవెల్, పాత్రికేయుడు డబ్ల్యు. టి. స్టెడ్‌తో కలిసి 1885లో బాలికల విక్రయాన్ని బయటపెట్టాడు. రక్షణ సైన్యం మూడు లక్షలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం సమర్పించింది. అదే సంవత్సరం బాలికల సమ్మతి వయస్సును 13 నుండి 16 సంవత్సరాలకు పెంచుతూ చట్టం వచ్చింది.

1890 అక్టోబరులో బూత్ ప్రసిద్ధ గ్రంథం ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ది వే అవుట్ వెలువడింది. దీని రచనలో స్టెడ్ సహకరించాడు. చీకటి ఖండమని ఆఫ్రికా గురించి గ్రంథాలు వ్రాస్తున్న దేశంలోనే, రాజధాని నడిబొడ్డున, అంతకంటే దట్టమైన చీకటి ఉన్నదని బూత్ చూపాడు. జనాభాలో పదవ వంతు, అనగా సుమారు 30 లక్షలమంది, దారిద్ర్యంలో మునిగి ఉన్నారని అంచనా వేశాడు. లండన్ వీధులలో అద్దెబండిని లాగే గుర్రం పడిపోతే, తప్పు ఎవరిదని అడగకుండా దానిని లేపుతారు. బ్రతికినంతకాలం దానికి మేత, కొట్టం, పని ఉంటాయి. మనిషికి కనీసం ఆ పాటి హక్కు కావాలన్నది ఆయన వాదన. నగరంలో ఆశ్రయం, పల్లెలో వ్యవసాయ క్షేత్రం, విదేశాలలో వలస స్థావరం అనే మూడంచెల పథకాన్ని ప్రతిపాదించి, ప్రారంభానికి లక్ష పౌండ్లు కోరాడు. కొద్ది నెలలలోనే అంతకు మించి విరాళాలు వచ్చాయి.

పథకంలో భాగంగా 1891లో ఎస్సెక్స్‌లోని హాడ్లీ వద్ద వ్యవసాయ క్షేత్రం, తూర్పు లండన్‌లో అగ్గిపుల్లల కర్మాగారం ఏర్పడ్డాయి. అప్పటి అగ్గిపుల్లల తయారీలో వాడే తెల్ల భాస్వరం వల్ల కార్మిక స్త్రీల దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. బూత్ కర్మాగారంలో హానిలేని ఎర్ర భాస్వరం వాడి, ఎక్కువ కూలి చెల్లించారు. ఆ అగ్గిపెట్టెల ధర ఎక్కువ కావటంతో వ్యాపారం నిలదొక్కుకోలేదు. అయితే సమస్య లోకానికి తెలిసింది. 1908లో చేసిన చట్టం ద్వారా బ్రిటన్‌లో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలు నిషేధింపబడ్డాయి.

శాస్త్రవేత్త టి. హెచ్. హక్స్‌లీ టైమ్స్ పత్రికకు వరుసగా లేఖలు వ్రాసి, ఇంత ధనాన్ని, అధికారాన్ని ఒక వ్యక్తి చేతిలో పెట్టటం ప్రమాదకరమని విమర్శించాడు. నిధులు దుర్వినియోగమవుతున్నాయన్న ఆరోపణలపై 1892లో ఒక సంఘం విచారణ జరిపి, బూత్ ఆ ధనాన్ని స్వంతానికి వాడుకోలేదని తేల్చింది.

కుటుంబంలో ఎడబాట్లు

ఆ గ్రంథం వెలువడిన నెలలోనే, 1890 అక్టోబరు 4న, కేథరీన్ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. జబ్బు చివరి దశలో ఉన్న ఆమె మంచం ప్రక్కనే బూత్ ఆ గ్రంథంలో చాలా భాగం సిద్ధం చేశాడు.

పిల్లలలో చాలామంది సైన్యంలో పనిచేసినవారే. అయితే తండ్రి వారితో జనరల్‌గానే వ్యవహరించేవాడు. అమెరికాలో పనిచేస్తున్న బాలింగ్టన్ బదిలీ ఉత్తర్వులను అంగీకరించక 1896లో భార్య మాడ్‌తో కలిసి విడిపోయి, వాలంటీర్స్ ఆఫ్ అమెరికా అనే సంస్థను స్థాపించాడు. ఫ్రాన్సులో ఉద్యమాన్ని ప్రారంభించిన కుమార్తె కేట్, కుమారుడు హెర్బర్ట్ 1902లో వైదొలిగారు. మరో కుమార్తె ఎమ్మా 1903లో అమెరికాలో రైలు ప్రమాదంలో మరణించింది. వీధిలోని అపరిచితునికి తలుపు తెరిచిన బూత్, సైన్యం వీడిన స్వంత పిల్లలతో రాజీపడలేకపోయాడు. ఆయన జీవితంలో ఇది విషాదకరమైన భాగం.

చివరి రోజులు

వృద్ధాప్యంలో బూత్ ప్రయాణాలు తగ్గించలేదు. 1904లో, 75 ఏళ్ళ వయసులో, క్రొత్తగా వచ్చిన మోటారు కారులో ఇంగ్లండు దక్షిణపు కొన నుండి స్కాట్లండులోని అబర్డీన్ వరకు ప్రయాణించి ఊరూరా ప్రసంగించాడు. ఒకప్పుడు రాళ్ళు పడిన వీధులలో జనం బారులు తీరి స్వాగతం పలికారు. అదే సంవత్సరం ఏడవ ఎడ్వర్డ్ రాజు ఆయనను రాజభవనానికి ఆహ్వానించాడు. 1905లో లండన్, నాటింగ్‌హాం నగరాలు పౌరసత్వ గౌరవం ఇచ్చాయి. 1907లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

ఒక కంటి చూపు ముందే పోగా, 1912 మే 9న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో చివరి బహిరంగ ప్రసంగం చేశాడు. ఆ నెలలోనే రెండవ కంటికి జరిగిన శుక్లాల శస్త్రచికిత్స విఫలమై పూర్తిగా అంధుడయ్యాడు. 1912 ఆగష్టు 20న, 83 ఏళ్ళ వయసులో, హాడ్లీవుడ్‌లోని తన ఇంటిలో మరణించాడు. సుమారు లక్షా యాభై వేలమంది ఆయన భౌతికకాయాన్ని దర్శించారు. ఒలింపియా భవనంలో జరిగిన స్మారక ఆరాధనకు మేరీ రాణి ముందుగా ప్రకటించకుండా వచ్చి, సామాన్యుల మధ్య కూర్చొన్నది. లండన్‌లోని ఆబ్నీ పార్క్ శ్మశానంలో కేథరీన్ సమాధి ప్రక్కన ఆయనను ఖననం చేశారు. బ్రాంవెల్ రెండవ జనరల్ అయ్యాడు. కుమార్తె ఎవాంజెలిన్ 1934లో ఆ పదవికి ఎన్నికైంది.

భారతదేశం, తెలుగునాడు

భారతదేశంలో ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగానికి రాజీనామా చేసిన ఫ్రెడరిక్ టక్కర్ నాయకత్వంలో నలుగురు సభ్యుల బృందం 1882 సెప్టెంబరు 19న బొంబాయిలో దిగింది. వీధులలో పాటలతో ఊరేగింపు జరిపితే అల్లర్లు జరుగుతాయన్న భయంతో పోలీసులు వారిని నిర్బంధించారు. టక్కర్ ఒక నెల జైలు శిక్ష అనుభవించాడు. ఆయన భారతీయ దుస్తులు ధరించి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకొని, పాదచారియై పల్లెలలో తిరిగాడు. తరువాత బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి బూత్ టక్కర్‌గా ప్రసిద్ధుడయ్యాడు. విలియం బూత్ 1891లో చేసిన సుదీర్ఘ పర్యటనలో భాగంగా భారతదేశాన్ని కూడా సందర్శించాడు.

తెలుగువారికి ఈ సంస్థ పేరు ఎక్కువగా స్టువార్టుపురం ద్వారా తెలుసు. నేరస్థ తెగల చట్టం క్రింద నమోదు చేసిన ఎరుకల కుటుంబాల కోసం బాపట్ల సమీపంలో మద్రాసు ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఈ స్థావరాన్ని, బూత్ మరణానంతరం, 1910ల దశకంలో రక్షణ సైన్యం నిర్వహించింది. మద్రాసు గవర్నరు కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టువార్ట్ పేరు దీనికి పెట్టారు. ఇక్కడ బడి, సాగుభూమి, ఉపాధి కల్పించారు. అయితే హాజరు పట్టీ, అనుమతి లేకుండా ఊరు దాటరాదన్న ఆంక్షలు కూడా అమలయ్యాయి. స్వేచ్ఛగా తిరిగే మనుషులను వీధిలో కలిసి ఒప్పించటం బూత్ పద్ధతి కాగా, ఇక్కడ విన్నవారికి వెళ్ళిపోయే స్వేచ్ఛ లేదు. ఈ కారణంగా చరిత్రకారులు ఈ స్థావరాలను విమర్శనాత్మకంగా పరిశీలించారు. స్వతంత్ర భారతదేశంలో 1952లో ఆ చట్టం రద్దయింది. గుంటూరు ప్రాంతంలో నిడుబ్రోలు, బాపట్లలలో సంస్థ స్థాపించిన వైద్యశాలలకు ఎవాంజెలిన్ బూత్ పేరు పెట్టారు.

స్మృతి

బూత్ మొదటి సభలు జరిపిన మైల్ ఎండ్ రోడ్డులో ఆయన విగ్రహం, తరువాతి కాలంలో నెలకొల్పిన కేథరీన్ విగ్రహం ఉన్నాయి. నాటింగ్‌హాంలో ఆయన జన్మించిన ఇంటిని మ్యూజియంగా మార్చారు. అమెరికన్ కవి వేచల్ లిండ్సే ఆయన మరణాన్ని పురస్కరించుకొని వ్రాసిన కవిత 1913లో వెలువడింది. 2002లో బి.బి.సి. జరిపిన అభిప్రాయ సేకరణలో వందమంది గొప్ప బ్రిటిష్ వ్యక్తుల జాబితాలో బూత్ పేరు చోటుచేసుకొంది.

ముఖ్యమైన తేదీలు

1829 - నాటింగ్‌హాం సమీపంలో జననం
1842 - తాకట్టు దుకాణంలో చేరిక
1844 - మారుమనస్సు
1849 - లండన్ రాక
1855 - కేథరీన్ మమ్‌ఫోర్డ్‌తో వివాహం
1865 - వైట్‌చాపెల్ గుడారంలో మొదటి సభ
1878 - రక్షణ సైన్యం అనే పేరు స్వీకరణ
1882 - బీటీ వర్సెస్ గిల్‌బ్యాంక్స్ తీర్పు. భారతదేశంలో పని ప్రారంభం
1890 - కేథరీన్ మరణం. ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ ప్రచురణ
1904 - మోటారు కారులో మొదటి సువార్త యాత్ర
1912 - మరణం